సందేహాలు – సమాధానాలు: యుద్ధానికి ‘వర్ధంతి’ ఉంటుందా?

సందేహం: డిసెంబరు 16న మా పట్టణంలో 1971 యుద్ధంలో పోరాడినవారిని సన్మానించి, వారితో ప్రధాన వీధుల్లో నడక ఏర్పాటు చేస్తున్నాం. ఆహ్వానపత్రంలో ‘యుద్ధ వర్ధంతి సందర్భంగా అమరవీరులైన మాజీ సైనికుల ఊరేగింపు’ అని రాశాం. ‘వార్షికోత్సవం’ అనాలని ఒకరు, ‘కవాతు’ అనాలని ఇంకొకరు అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: అచ్చుకు పంపే ముందే అడిగారు, సంతోషం. మొదట ‘అమరవీరులు’ కొట్టేయండి. మరణం లేనివాడు అమరుడని వ్యుత్పత్తి చూపి సమర్థించుకోవచ్చు. కానీ ఫలానా సైనికుడు అమరుడయ్యాడంటే ప్రాణాలు అర్పించాడనే తెలుగువాడికి అర్థమవుతుంది. డెబ్బై దాటిన పెద్దాయనకు శాలువా కప్పుతూ మైకులో ఆ మాట చదివితే, ముందు వరసలో కూర్చున్న భార్యాబిడ్డల మనసు చివుక్కుమనదా? ‘యుద్ధవీరులు’ అనండి.

‘వర్ధంతి’కి మూలం వృద్ధిని చెప్పే ధాతువే. కన్నడిగులకు అది ఇప్పటికీ శుభమైన మాట. ఆషాఢంలో మైసూరు చాముండేశ్వరి వర్ధంతి అంటే అమ్మవారి పుట్టినరోజు. మనకు మాత్రం అది చనిపోయిన రోజుగా స్థిరపడింది, అదీ మనుషులకే. యుద్ధానికి వర్ధంతి లేదు.

అలాగని ‘యుద్ధ వార్షికోత్సవం’ కూడా నాకు నచ్చదు. యుద్ధం మొదలైన డిసెంబరు 3ను ఉత్సవమనడానికి నోరు రాదు. 16వ తేదీ సంగతి వేరు. ఢాకాలో పాకిస్థాన్ సేనాని నియాజీ మన సేనాని జగ్‌జీత్ సింగ్ అరోరా ఎదుట లొంగుబాటు పత్రంపై సంతకం పెట్టిన రోజది. కాబట్టి ‘విజయ దినోత్సవం’ అనండి. హిందీలోని ‘విజయ్ దివస్’ను ఉన్నదున్నట్టు దించుకోనక్కరలేదు. అదే యుద్ధంలో కరాచీ రేవుపై చేసిన దాడికి గుర్తుగా డిసెంబరు 4ను నౌకాదళ దినోత్సవం అంటున్నాం. ఆ రోజు విశాఖ ఆర్కే బీచ్‌లోని విజయ స్మారకం దగ్గర పుష్పగుచ్ఛాలు ఉంచడాన్ని మాత్రం ఎవరూ ఉత్సవమనరు, నివాళి అంటారు. ఈ తేడా మనవాళ్లకు తెలియనిది కాదు, రాసేటప్పుడు మరిచిపోతున్నారంతే. 1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు నేలకొరిగారు. ఆ రోజును ‘అమరవీరుల సంస్మరణ దినోత్సవం’ అని రాయడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ‘సంస్మరణ దినం’ చాలు.

ఇక నడక. ఊరు, ఏగు కలిసిన మాట ‘ఊరేగు’. దేవుణ్ని, పెళ్లికొడుకును ఊరేగిస్తాం. వారిని మోసేది, నడిపించేది ఇతరులు. ‘కవాతు’ అరబ్బీ మూలం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఆ మూలానికి నియమాలని అర్థం. వరస తప్పకుండా, అడుగులో అడుగు వేస్తూ నడిచేది కవాతు. మీ యుద్ధవీరులు పతకాలు పెట్టుకుని తమ కాళ్ల మీద నడుస్తారు గనక అది కవాతే. నడవలేనివారిని పూలు కట్టిన జీపులో కూర్చోబెడితే అది ఊరేగింపు. మీ కార్యక్రమంలో రెండూ ఉంటే రెండు మాటలూ వేయండి. ‘పరేడ్’ అన్నా తప్పులేదు, సైనికుల నోట వినిపించేది అదే.

‘మాజీ సైనికులు’ తప్పు కాదు గాని, ఇక్కడ చాలదు. యుద్ధభూమిని చూడకుండానే ఉద్యోగకాలం ముగిసినవారూ మాజీ సైనికులే. మీరు పిలుస్తున్నది ఒక్క యుద్ధంలో పోరాడినవారిని. ‘1971 యుద్ధంలో పోరాడిన మన పట్టణ సైనికులు’ అంటే ఎవరికీ అనుమానం రాదు. ‘జవాన్లు’ అనకండి, అధికారులుగా పనిచేసినవారు అందులోకి రారు.

మీరు అడగని ఒక మాట. ఆ యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీలను కూడా వేదికపైకి పిలవండి. సైన్యం వారిని ‘వీరనారి’ అంటుంది. తెలుగులో ఆ మాటకు రుద్రమదేవి, ఐలమ్మ గుర్తొస్తారు. భర్త అమరుడైన సంగతి అందులో వినిపించదు. ఆహ్వానంలో ‘యుద్ధంలో అమరులైన సైనికుల సతీమణులు’ అని రాయండి. మీరు కొట్టేసిన ‘అమరులు’ అన్న మాటకు తగిన చోటు అదే.