జీపీఎస్ పనిచేసే ఫోనులో నడిసంద్రం నుంచి మాట్లాడలేమా?

మీ నాన్నగారు అంతర్వేది నుంచి వేటకు వెళ్తారనీ, తీరం కనుమరుగయ్యాక సిగ్నల్ పోయినా ఫోనులో మ్యాపు మాత్రం బోటు ఎక్కడుందో చూపిస్తోందనీ రాశారు. ఉపగ్రహం అందుతున్నప్పుడు మాట ఎందుకు అందదని, రోమింగ్ పెట్టినా శాటిలైట్ ఫోను కొన్నా సరిపోతుందా అని అడిగారు. ఆరేళ్లు సరుకు ఓడలో పనిచేసి, ఇప్పుడు నరసాపురంలో సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం నడుపుతున్నాను కనుక రెండు వైపుల సంగతీ కొంత తెలుసు.

జీపీఎస్ విషయంలో మన ఫోను వినడమే తప్ప పలకడం ఉండదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాలను, రేడియోలో వార్తలు విన్నట్టు విని, అవి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి తానున్న చోటును లెక్క కట్టుకుంటుంది. అందుకే మ్యాపు ముందే దించుకుని ఉంటే సిమ్ తీసేసినా పనిచేస్తుంది. మాట్లాడాలంటే మాత్రం ఫోను కూడా ప్రసారం చేయాలి. మామూలు ఫోనుకున్న శక్తి దగ్గరలోని టవరు వరకే. పాత 2జీ పద్ధతిలోనైతే 35 కిలోమీటర్లు దాటిన ఫోనును టవరు సాధారణంగా లెక్కలోకే తీసుకోదు. ఇక రోమింగ్ అంటే పరాయి కంపెనీ టవరును వాడుకునే ఏర్పాటు. ఏ టవరూ లేని చోట దానితో పని లేదు.

మా ఓడలో ఇన్‌మార్‌శాట్ అనే శాటిలైట్ ఫోను ఉండేది. దాని ఉపగ్రహాలు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి కాబట్టి మాట పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను, బదులు రావడానికి మరో పావు సెకను పడుతుంది. ఆ అర సెకను నిశ్శబ్దానికే మా అమ్మ కంగారుపడి మళ్లీ ‘హలో’ అనేది, అదే క్షణంలో నా జవాబు చేరేది, ఇద్దరి మాటలూ ఢీకొనేవి. చివరికి ఒకరు ‘చెప్పు’ అన్నాకే రెండోవారు మాట్లాడాలని ఒప్పందం చేసుకున్నాం. ఇరిడియం అనే మరో శాటిలైట్ ఫోను వ్యవస్థలోని 66 ఉపగ్రహాలు సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కనుక అందులో ఈ జాప్యం చాలా తక్కువ. చేతిలో పట్టుకునే రకమేదైనా ఆకాశం కనిపించే చోటే పనిచేస్తుంది. బోటు గదిలో కూర్చుని మాట్లాడలేరు.

అయినా కొనమని చెప్పను. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను దగ్గర ఉంచుకోవడమే నేరం. విదేశాల నుంచి ఎవరో తెచ్చి ఇస్తామన్నా తీసుకోవద్దు. దానికి బదులు బోటులో దగ్గరి బోట్లతో, తీరంతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో సెట్టుతో పాటు, ఇస్రో రూపొందించిన డాట్ పరికరం ఉండేలా చూడండి. ఆపదలో దాని మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా తీర రక్షక దళానికి కబురు చేరుతుంది. రెండో తరం పరికరమైతే కబురు అందినట్టు బోటుకు తిరుగు సందేశం కూడా వస్తుంది.

సిగ్నల్ పోయాక ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టమని మీ నాన్నగారికి చెప్పండి. లేకపోతే దొరకని టవరు కోసం వెతికి వెతికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఆ మోడ్‌లో కూడా చాలా ఫోన్లలో జీపీఎస్ ఆగదు.