శనివారం కొండలు సరే, అక్టోబరు సంగతేంటి?

ప్రశ్న: సర్, నా వయసు 24. మాది ఖమ్మం. మ్యూనిక్‌లో మాస్టర్స్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. ఎడ్యుకేషన్ లోన్ 20 లక్షలు శాంక్షన్ అయింది, వడ్డీ 11 శాతం. 14 లక్షలు వాడాం, ఇంకా 6 లక్షలు ఉంది. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు కట్టి, నెలనెలా కొంతే తీసుకునే ఖాతా) నుంచి నెలకు 992 యూరోలు, పార్ట్ టైమ్ ఉద్యోగం నుంచి 520 యూరోలు వస్తాయి. రెండూ సెప్టెంబరుతో ఆగిపోతాయి. అద్దె, ఇన్సూరెన్స్, తిండి, ట్రెయిన్ టికెట్, ఫోన్ అన్నీ కలిపి 1,150 అవుతుంది. మిగిలింది శని, ఆదివారాల్లో కొండలు, సరస్సులు చూడటానికి ఖర్చు చేస్తాను. ఈ వేసవిలో వియన్నా, జూరిక్, లూబ్లియానా వెళ్లి, అక్కడి నుంచి చుట్టుపక్కల ప్రకృతిని చూడాలని ప్లాన్. దానికి 2,000 యూరోలు కావాలి. బ్యాంకు వెయ్యి యూరోల ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో డబ్బు లేకపోయినా వాడుకునే అప్పు) ఇస్తానంది. మిగతాది అమ్మ గొలుసు పెట్టి గోల్డ్ లోన్ తీసి పంపమని అడుగుదామనుకుంటున్నాను. ఈ రెండూ తీసుకోవచ్చా? నెలకు 2,000 రూపాయలతో మ్యూచువల్ ఫండ్ సిప్ కూడా మొదలుపెట్టవచ్చా? ఇప్పుడు ఖాతాలో 400 యూరోలు ఉన్నాయి.

జవాబు: రెండూ వద్దు. సిప్ కూడా ఇప్పుడు వద్దు.

మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాయడానికి కారణం ఉంది. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లల నుంచి ఇలాంటి ప్రశ్నలు తరచూ వస్తున్నాయి. ఊరి పేరు, యూనివర్సిటీ పేరు మారతాయి, పొరపాటు మాత్రం ఒకటే. నెలాఖరుకు ఖాతాలో మిగిలిన డబ్బును 'మిగులు' అనుకుంటున్నారు. అది మిగులు కాదు. మీ ఖర్చు నెలకు 1,150 అయినప్పుడు ఖాతాలో 400 యూరోలంటే పది, పదకొండు రోజుల బతుకు. ఆ పదకొండో రోజు తర్వాత మీకు ఆ దేశంలో అన్నం పెట్టే మేనమామ ఎవరూ లేరు.

ముందు క్యాలెండర్ చూడండి. సెప్టెంబరుతో బ్లాక్డ్ అకౌంట్ అయిపోతుంది, అదే నెలలో ఉద్యోగం కాంట్రాక్టు కూడా ముగుస్తుంది. ఆ తర్వాత రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు రెండో ఏడాదికి డబ్బు చూపించమంటారు. నెలకు 992 చొప్పున ఏడాదికి 11,904 యూరోలు. యూరోకు వంద రూపాయల లెక్కన వేసుకున్నా దాదాపు 12 లక్షలు. మీ లోన్‌లో మిగిలింది 6 లక్షలు, అంటే సగం. మిగతా సగం ఉద్యోగం జీతం చూపించి నెగ్గుకొస్తానని మీ ధీమా కాబోలు. కాంట్రాక్టు పొడిగిస్తారని ఎవరైనా కాగితం మీద రాసిచ్చారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ఈ పరిస్థితిలో ఖాతా మైనస్‌లో ఉన్న స్టేట్‌మెంట్ పట్టుకుని ఆ ఆఫీసు మెట్లెక్కుతారా? ఓవర్‌డ్రాఫ్ట్, గోల్డ్ లోన్ తీసుకోవచ్చా అని అడిగే ముందు ఈ ప్రశ్న మిమ్మల్ని మీరు అడగాల్సింది.

ఓవర్‌డ్రాఫ్ట్ గురించి నిజం చెప్పాలంటే వడ్డీ పెద్ద సమస్య కాదు. చాలా బ్యాంకుల్లో 10 శాతానికి పైన ఉంటుంది కానీ, వెయ్యి యూరోల మీద నెలకు తొమ్మిది, పది యూరోలే పడుతుంది. అందుకే అది ప్రమాదం. తీర్చడానికి గడువు ఉండదు, ఈఎంఐ ఉండదు, అడిగేవాళ్లు ఉండరు. జీతం పడగానే మైనస్ తగ్గినట్టు కనిపిస్తుంది, పదిహేనో తారీఖుకు మళ్లీ అక్కడికే చేరుతుంది. రెండేళ్ల చదువు పూర్తయి, ఉద్యోగం వచ్చాక కూడా అదే వెయ్యి మైనస్‌లో ఉండిపోయిన వాళ్లను చూశాను.

మీరు ఉత్తరంతో పాటు పంపిన ఖర్చుల షీట్‌లో ఇంకో వరుస ఉంది, దాని గురించి మీరు అడగలేదు. ట్రెక్కింగ్ బూట్లు, జాకెట్ 240 యూరోలు, మూడు వాయిదాలు. ఇలాంటి 'ఇప్పుడు కొను, తర్వాత కట్టు' వాయిదాల్లో ఒక్కటి తప్పినా ముందు హెచ్చరిక ఉత్తరం, దానికి ఫీజు. ఆ తర్వాత వసూలు ఏజెన్సీ. అప్పటికీ కట్టకపోతే శుఫా రికార్డులోకి ఎక్కుతుంది. అప్పులు కట్టిన తీరు నమోదు చేసే మన సిబిల్ లాంటిదే అది. మ్యూనిక్‌లో రూమ్ దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంటి ఓనరు అడిగే మొదటి కాగితాల్లో శుఫా ఒకటి. మిగిలిన రెండు వాయిదాలు ఈ నెలలోనే కట్టేయండి.

ఇక అమ్మ గొలుసు. ఈ ఆలోచన చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, దాచుకోను. వాడిన 14 లక్షల మీద 11 శాతం అంటే ఏడాదికి లక్షా 54 వేలు. రోజుకు 420 రూపాయల పైనే. మీరు నిద్రపోతున్నప్పుడు కూడా అది పెరుగుతూనే ఉంటుంది. చదువు కాలంలో ఇచ్చే మారటోరియం అంటే ఈఎంఐ ఆగుతుంది, వడ్డీ ఆగదు. దాని పైన ఇంకో లక్ష అప్పు, అదీ విహారానికి, అదీ ఇంట్లో చివరి ఆసరాగా ఉన్న బంగారం మీద! రేపు మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరమైతే మీ నాన్నగారు ముందు బీరువా వైపే చూస్తారు. మీకు అక్కడ ఎమర్జెన్సీ ఫండ్ లేదు. వాళ్లకు ఇక్కడ ఉన్న ఒక్కటీ తీసేద్దామంటున్నారు.

తిరగొద్దని నేను అనడం లేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఆల్ప్స్ పక్కన ఉండి గదిలో కూర్చోమంటే అది సలహా కాదు. నా అభ్యంతరం కొండల మీద కాదు. మీ షీట్ మరోసారి చూడండి. కొండలకు డబ్బు దాదాపు పోలేదు, కొండ చుట్టూ ఉన్నవాటికి పోయింది. ఆల్ప్స్ కింది ఊరు గార్మిష్‌కు వెళ్లిన రోజు 118 యూరోలు రాశారు. మీ దగ్గర లోకల్ రైళ్లన్నిటికీ పనికొచ్చే నెలవారీ జర్మనీ టికెట్ ఎలాగూ ఉంది కాబట్టి రైలుకు సున్నా. 2,962 మీటర్ల జుగ్‌స్పిట్జె శిఖరానికి వెళ్లే కేబుల్ కారుకే 70 పైన. మిగతాది భోజనం, కాఫీ, చేతి గ్లౌజులు. అదే శిఖరం కింద ఉన్న ఐబ్ సరస్సు చుట్టూ ఏడున్నర కిలోమీటర్ల దారి ఉంది, నడిచినందుకు ఎవరూ డబ్బులడగరు. ఆకుపచ్చ నీళ్లలో శిఖరం నీడ చూస్తూ ఓ గట్టున కూర్చుని, ఇంట్లో కలుపుకెళ్లిన పులిహోర డబ్బా తెరిస్తే, ఆ రోజు ఖర్చు పది యూరోలు కూడా దాటదు. పార్ట్‌నాఖ్ లోయ కూడా ఆ ఊళ్లోనే. 1936 ఒలింపిక్స్‌కు కట్టిన స్కీ స్టేడియం దగ్గర మొదలుపెట్టి నడిస్తే రాతి గోడల మధ్య నీటి హోరులోకి వెళ్తారు. దానికి చిన్న టికెట్ ఉంది, అది పెట్టదగ్గ ఖర్చే.

అంత దూరం కూడా అక్కర్లేదు. ఎస్8 రైలెక్కి చివరి స్టేషన్ హెర్షింగ్‌లో దిగితే అమర్ సరస్సు. అక్కడి నుంచి కీన్ లోయ గుండా అడవిలో గంట సేపు పైకి నడిస్తే ఆండెక్స్ మఠం. రైలు కూడా వద్దనుకుంటే ఇసార్ నది మీ ఊరి మధ్యలోంచే పోతుంది, దాని వెంట దక్షిణంగా నడుచుకుంటూ పోతే ఊరు అయిపోయి చెట్లు మొదలవుతాయి. ఇంకో మాట, మీరు ఆ జర్మనీ టికెట్‌ను పూర్తి ధర 63 యూరోలు పెట్టి కొంటున్నారు. బవేరియాలో విద్యార్థులకు అదే టికెట్ రాయితీలో వస్తుంది. మీ యూనివర్సిటీలో అడిగి మార్చుకోండి.

వియన్నా, జూరిక్, లూబ్లియానా మీ ఉద్దేశంలో ప్రకృతి కోసమే. నిజమే, ఆ మూడు ఊళ్లకూ పక్కనే కొండలున్నాయి. వియన్నాలో సిటీ బస్సు 38ఏ కాలెన్‌బర్గ్ మీదికి వెళ్తుంది. జూరిక్‌లో ఎస్10 రైలు అరగంట లోపే ఊట్లిబెర్గ్ చేరుస్తుంది. లూబ్లియానా ప్రజలు 669 మీటర్ల ష్మార్నా గోరా ఎక్కడానికి సిటీ బస్సులోనే వెళ్తారు. కానీ వాటికి మీరు పెట్టేది కొండల ఖర్చు కాదు. మీ 2,000 యూరోల్లో నూటికి తొంభై వంతులు దూరపు రైళ్లకూ హాస్టల్ గదులకూ పోతుంది. ఉద్యోగం వచ్చాక ఆ ఊళ్లు అక్కడే ఉంటాయి.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. మీ దగ్గర ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా, కార్డు వెనక యూరోపియన్ కార్డు కూడా ఉంది కదా అని మీకు ధైర్యం. ఆ కార్డు మీద ఆస్ట్రియాలో ప్రభుత్వాసుపత్రిలో చికిత్స దొరుకుతుంది. కానీ సరదాగా కొండెక్కి కాలు విరిగి, హెలికాప్టర్ వచ్చి కిందికి దింపితే ఆ బిల్లు మీ పేరు మీదే వస్తుంది. మిమ్మల్ని తిరిగి జర్మనీకి తరలించే ఖర్చు కూడా మీ ఇన్సూరెన్స్ ఇవ్వదు. స్విట్జర్లాండ్ సంగతి ఇంకా ఘోరం. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఆ కార్డు అక్కడ పనికిరాదు. ఊట్లిబెర్గ్ మీద జారిపడితే మొదటి ఎక్స్‌రే నుంచీ మీ జేబే. జర్మనీలో సైతం, గాయం లేకుండా దారి తప్పి చిక్కుకుంటే దింపిన ఖర్చు మీ మీదే పడవచ్చు.

నిరుడు ఒక తండ్రి నా ఆఫీసుకు వచ్చారు. రిటైర్డ్ టీచరు. ప్లాస్టిక్ కవర్లో మడత పడకుండా పెట్టుకొచ్చిన ఉత్తరం బల్ల మీద పెట్టి, "సార్, ఇది జర్మన్‌లో ఉంది, ఈ అంకె మాత్రం నాకు అర్థమైంది" అన్నారు. కొడుకు స్నేహితులతో ఒక్కరోజు టూరుకని ఆస్ట్రియా కొండల్లోకి వెళ్లాడు. మధ్యాహ్నం వాన పట్టుకుంది, తడి రాయి మీద మడమ మెలిపడింది, హెలికాప్టర్ వచ్చింది. ఆసుపత్రి ఖర్చు ఇన్సూరెన్స్ కట్టింది. మూడు వారాల తర్వాత హెలికాప్టర్ బిల్లు వేల యూరోల్లో వచ్చింది. అబ్బాయి ఖాతాలో వందల్లో ఉంది. తండ్రి కూతురి పెళ్లికని వేసిన ఎఫ్‌డీ తీశారు. గడువుకు ముందు తీసినందుకు వడ్డీ కోత అదనం. ఆ రోజు నుంచి విదేశాల్లో పిల్లలున్న ప్రతి కుటుంబాన్నీ నేను మొదట అడిగేది ఒకటే, ఎమర్జెన్సీ ఫండ్ ఎంత ఉంది అని.

దీనికి మందు ఖరీదైనది కాదు. జర్మన్ ఆల్పైన్ క్లబ్ సభ్యత్వం తీసుకోండి. 1869లో మీ మ్యూనిక్‌లోనే పుట్టిన సంస్థ. కొండల్లో వెతికి రక్షించే ఖర్చుకు 25,000 యూరోల దాకా కవర్ సభ్యత్వంతో పాటే వస్తుంది. పాతికేళ్ల లోపు వాళ్లకు రుసుము తక్కువ. దీంతోపాటు విదేశీ ప్రయాణాలకు విడిగా ఏడాది హెల్త్ పాలసీ ఒకటి, జర్మనీలో దాని ప్రీమియం మీ ఒక్క రోజు కేబుల్ కారు టికెట్ కంటే తక్కువే. తిరిగి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చూసి కొనండి. ఈ రెండూ చేతికి వచ్చేదాకా సరిహద్దు దాటకండి. ఫోన్‌లో 112 నంబరు పెట్టుకోండి, యూరప్ అంతటా అదే.

అయినా ఇన్సూరెన్స్ అన్నిటికీ పనిచేయదు. ఉద్యోగం పోతే పనిచేయదు, ఇంటి నుంచి ఫోన్ వచ్చి రాత్రికి రాత్రి హైదరాబాద్ విమానం ఎక్కాల్సి వస్తే పనిచేయదు. అప్పటికప్పుడు కొనే టికెట్టుకు మీ 400 యూరోలు చాలవు. అందుకే మూడు నెలల ఖర్చు, అంటే 3,450 యూరోలు, విడి సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. కార్డు లేని ఖాతా అయితే ఇంకా మంచిది.

అది ఎలా వస్తుంది? మీకు నెలకు 362 మిగులుతోంది. 60 యూరోలు కొండలకు ఉంచుకోండి, నాలుగు శనివారాలకు అది చాలు. ఈ నెల వాయిదాలు కట్టాక కూడా నెలకు 300 చొప్పున సెప్టెంబరుకు ఇంచుమించు 1,400 జమవుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో క్లాసులుండవు. విదేశీ విద్యార్థులకు ఉన్న ఏడాదికి 140 పూర్తి పనిదినాల పరిమితిలో మీకు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుని, ఆ రెండు నెలలు ఎక్కువ గంటలు పనిచేయండి. నెలకు ఇంకో 600 వచ్చినా, ఉన్న 400తో కలిపి అక్టోబరుకు మూడు వేల యూరోలుంటాయి. ఇంచుమించు లక్ష్యానికి వచ్చేసినట్టే. కాంట్రాక్టు పొడిగింపు గురించి మేనేజరును ఈ వారమే అడగండి, సెప్టెంబరు దాకా ఆగకండి.

సిప్ గురించి ఒక్క మాట. 11 శాతం అప్పు నెత్తి మీద ఉండగా, ఎమర్జెన్సీ ఫండ్ లేకుండా, ఎన్నారై ఖాతాల తంటా పడుతూ 2,000 రూపాయల సిప్ ఎందుకు? ఉద్యోగం వచ్చాక రాయండి.

ఆ వెయ్యి యూరోల ఓవర్‌డ్రాఫ్ట్ మీకు ఇస్తామన్నారే గానీ మీరింకా సంతకం చేయలేదు కదా. సోమవారం బ్యాంకుకు వద్దని చెప్పేయండి. ఈ శనివారం హెర్షింగ్ వెళ్లిరండి.