కళ్లజోడు వస్తే నా పని ఉంటుందా?

ప్రశ్న: కార్లకు వైరింగ్ హార్నెస్ (వైర్ల కట్టలు) తయారుచేసే కంపెనీలో ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. ఏ వైరు ఎక్కడ పెట్టాలో కంటి ముందే చూపించే ఏఆర్ కళ్లజోళ్లు తెస్తారట. ఇక సీనియర్లు అక్కర్లేదని లైన్లో అంటున్నారు. పైగా నాకు సైటు. టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్న పాఠకురాలు, తడ

జవాబు: అమ్మా, ఈ టెక్నాలజీ మొదలైందే మీలాంటి వాళ్ల పని దగ్గర. 1990ల మొదట్లో బోయింగ్ విమానాల కంపెనీలో కాడెల్, మిజెల్ అనే ఇద్దరు, చెక్క బోర్డుల మీద వైర్లు పరిచి కట్టలు కట్టేవాళ్లకు దారి కంటి ముందే కనబడేలా చేద్దామనుకున్నారు. ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ (ఏఆర్) అన్న పేరూ అక్కడిదే. తర్వాత చాలా ఏళ్లకు అదే కంపెనీ గూగుల్ గ్లాస్ అనే కళ్లజోడు పెట్టి చూసి, వైరింగ్‌కు పట్టే సమయం 25 శాతం తగ్గిందని చెప్పింది.

తగ్గింది వెతుకులాట. మాటిమాటికీ డ్రాయింగ్ వంక చూసి, మళ్లీ బోర్డు మీద చోటు పట్టుకోవడం ఉంటుంది చూడండి, అదన్నమాట. టెర్మినల్ (వైరు చివరి లోహపు ముక్క) కనెక్టర్‌లోకి వెళ్లి టిక్కుమన్నదా, వెనక్కి లాగితే కదలకుండా ఉందా అన్నది మాత్రం మీ వేళ్లకే తెలుస్తుంది. నేను లైన్ ఇంజినీరుగా ఉన్నప్పుడు వైరు రంగు సరిగ్గా ఉండి, సగమే దిగిన టెర్మినళ్లతోనే ఎక్కువ తలనొప్పి.

అయితే మీ సీనియారిటీకి దెబ్బ అసలు ఉండదని చెప్పలేను. బోర్డు మొత్తం కంఠతా వచ్చినవాళ్లకున్న విలువ కొంత తగ్గుతుంది, కొత్తవాళ్లు త్వరగా నేర్చుకుంటారు. రోజంతా ఒకే మోడల్ కట్టే చోట దీనివల్ల పెద్ద లాభం లేదు. మోడళ్లు తరచూ మారే చోటే ఉపయోగం.

సైటు గురించి: మైక్రోసాఫ్ట్ వాళ్ల హోలోలెన్స్ 2 లాంటి ఏఆర్ హెడ్‌సెట్లు మామూలు కళ్లద్దాల మీదే పెట్టుకోవచ్చు. కానీ దాని బరువు 566 గ్రాములు, బ్యాటరీ రెండు మూడు గంటలే. షిఫ్టంతా తల మీద మోయడం కష్టం. (మైక్రోసాఫ్ట్ 2024లో దాని తయారీనే ఆపేసింది.) పైనుంచి ప్రొజెక్టర్‌తో బోర్డు మీదే వెలుగు వేసే పద్ధతి కూడా ఉంది, దానికి కళ్లజోడే అక్కర్లేదు. అది ఎందుకు పెట్టకూడదని మీ సూపర్‌వైజర్‌ను అడగండి. ఒక్కో స్టెప్‌కు మీకు పట్టిన సమయం ఆ యంత్రం రాసిపెడుతుందా, పెడితే ఎవరు చూస్తారో కూడా కనుక్కోండి.

ఇంకోటి. అందులో కనబడే స్టెప్పులు ఎవరో ఒకరు వరసగా ఎక్కించాలి. ఏ వైరు ముందు వేస్తే తర్వాతి క్లిప్‌కు అడ్డురాదో మీకు తెలిసినంతగా ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియదు. ట్రయల్ మొదలయ్యే ముందే ఆ పనికి మీ పేరు ఇవ్వండి.