మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టాక నీరసం: నా శనివారాల సంగతి

పీసీఓఎస్‌కి (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్య) మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టి పన్నెండు రోజులైంది, పొద్దున మంచం దిగబుద్ధి కావడం లేదు, ఆఫీసులో కూర్చున్నచోటే కళ్లు మూతలు పడుతున్నాయి, మానేయనా అక్కా అని అడిగావు. నేను డాక్టర్ని కాను చెల్లీ. తిరుపతిలో ఉంటూ రోజూ బస్సులో చిత్తూరు వెళ్లి ఉద్యోగం చేసే రోజుల్లో ఇదే మాత్రతో నేను పడిన అవస్థ చెబుతాను. మానడమా వద్దా అన్నది మాత్రం నీకు రాసిచ్చిన డాక్టర్నే అడుగు. నేను అడక్కుండా రెండుసార్లు మానేశాను. మళ్లీ వేసుకున్న ప్రతిసారీ కడుపులో తిప్పడం మొదటికొచ్చింది తప్ప ఒరిగిందేమీ లేదు.

మొదటి వారమంతా వికారం, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, రోజుకు మూడు నాలుగు విరేచనాలు. పొద్దున ఆరున్నర బస్సు. చంద్రగిరి దాటేసరికి కడుపులో గడబిడ మొదలయ్యేది, పూతలపట్టు వచ్చేదాకా బిక్కుబిక్కుమంటూ కూర్చునేదాన్ని. దారిలో ఇబ్బంది అవుతుందని పొద్దున తినడం మానేశాను, నీళ్లు కూడా తగ్గించాను. మధ్యాహ్నం క్యారియర్లో సగం అన్నం వెనక్కి వచ్చేది. ఇంత చేసి, మాత్ర వల్లే నీరసం అని దాన్ని తిట్టుకున్నాను. తిండీ నీళ్లూ లేని ఒంటికి నీరసం రాక ఇంకేమొస్తుంది?

మా అమ్మ ఇంకో ఉపాయం కనిపెట్టింది. పూర్తి మాత్ర పడటం లేదు కదా, సగమే వేసుకోమని అడకత్తెరతో రెండు ముక్కలు చేసిచ్చింది. అది ఎస్ఆర్ మాత్ర. మందు కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగాలని అలా తయారుచేస్తారట, నలిపినా నమిలినా ఆ పని చెడుతుంది. ఆ వారం ఇంకా ఘోరం. డోసు తగ్గించాలంటే తక్కువ మిల్లీగ్రాములది డాక్టరే రాస్తారు. మామూలుగా 500తో మొదలుపెట్టి, ఒళ్లు అలవాటుపడేకొద్దీ మెల్లగా పెంచుతారు. నాకు మొదటిరోజే 1000 రాశారు. ఎందుకో, ఎలా వేసుకోవాలో ఒక్క మాట చెప్పలేదు, మూడు నిమిషాల్లో బయట ఉన్నాను. తర్వాత వెళ్లిన డాక్టర్ మేడమ్ 500కి దించి, రాత్రి భోజనం మధ్యలో వేసుకోమన్నారు. అంటే సగం అన్నం తిని, మాత్ర మింగి, మిగతా సగం తినడం. నాకు అదే పడింది. మూడో వారానికి కడుపు కుదుటపడింది.

నీరసం మాత్రం పూర్తిగా పోలేదు. దాని గుట్టు బయటపడింది మా ఇంటి టీటీడీ క్యాలెండర్‌లో. పడుకునేముందు ఆ రోజు గడిలో నీరసానికి సున్నా నుంచి ఐదు దాకా ఒక అంకె వేయమని మేడమ్ చెప్పారు. నెల తిరిగాక చూస్తే నాలుగులూ ఐదులూ అన్నీ శని, ఆదివారాల్లోనే ఉన్నాయి. మాది శనివారం ఒక్కపొద్దు ఉండే ఇల్లు. పూజయ్యాక మధ్యాహ్నం ఒక్కపూట తిండి, రాత్రికి ఒక అరటిపండు, దాని మీద మాత్ర. ఆదివారం పొద్దున చేతులు వణికేవి. షుగర్ పడిపోయిందని అమ్మ బెల్లం ముక్క నోట్లో పెట్టేది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు షుగర్ మరీ పడిపోవడం అరుదని, నాది ఒట్టి ఆకలేనని మేడమ్ నవ్వారు. ఇంట్లో ఎలా చెప్పాలా అని నాకు టెన్షన్. మా అవ్వే తేల్చేసింది: "మందు మింగే బిడ్డకు ఒక్కపొద్దు ఏందే, కొండమీద సామి అడిగినాడా?" అప్పటినుంచి శనివారం రాత్రి రెండు చపాతీలు, పప్పు. ఆదివారాలు తేలికయ్యాయి.

మిగతా రోజుల గడుల్లో మాత్రం ఇంకా రెండు, మూడు అనే అంకెలే పడుతున్నాయి. రక్తపరీక్ష చేయిస్తే హీమోగ్లోబిన్ 9.1. మూడు నెలలు నెలసరి రాదు, వస్తే పది పన్నెండు రోజులు ఆగదు, ఇక రక్తం ఎక్కడ నిలుస్తుంది? మాత్ర మొదలుపెట్టక ముందునుంచీ ఉన్న నీరసమే అది. ఐరన్ వేసుకుని, దాని వెంట కాఫీ తాగడం మానేశాక నెలన్నరకు తేడా తెలిసింది. థైరాయిడ్ కూడా చూపించుకో, పీసీఓఎస్ ఉన్నవాళ్లలో అది జతగా ఉండటం మామూలే. నీరసం తెచ్చే ఇంకొకటి బీ12 విటమిన్ లోపం, దాని సంగతి ఇప్పుడే కాదు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే తగ్గొచ్చు, నాకు రెండో ఏడాది తగ్గింది. గురక పెడుతున్నావని ఇంట్లోవాళ్లు అంటే అది కూడా సిగ్గుపడకుండా చెప్పు, నిద్రలో ఊపిరి అడ్డుపడినా పగలంతా మత్తుగానే ఉంటుంది. చీటీలో స్పైరోనోలాక్టోన్ (అవాంఛిత రోమాలకు, మొటిమలకు రాసే మాత్ర) కూడా ఉంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయేమో గమనించు, అది బీపీ తగ్గిస్తుంది.

వ్యాయామం విషయంలో నాలాగా చేయకు. బరువు తగ్గాలన్న ఆవేశంలో రెండో వారమే అలిపిరి మెట్లెక్కాను. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర కూలబడితే, నాతో ఎక్కుతున్న ముసలావిడ మజ్జిగ ఇచ్చి లేపింది. తర్వాత రాత్రి తిన్నాక మేడమీద పది నిమిషాలు నడిచాను, నెల తిరిగేసరికి ఇరవై నిమిషాలు. ఆ నడక వల్ల నిద్ర బాగా పట్టింది. "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్లు మీ వీధిలోనూ ఉంటారు, వాళ్లకు బదులు చెప్పి ఉన్న కాస్త ఓపికా ఖర్చుచేసుకోకు.

నీళ్లు కూడా నిలవనంతగా వాంతులవుతున్నా, ఆయాసం వచ్చినా, స్పృహ తప్పినా ఇక్కడ రాస్తూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. గర్భం వచ్చి ఉండొచ్చనిపిస్తే అది కూడా ముందే చెప్పు.

మాత్ర ఏ వేళకు, ఏం తిని వేసుకుంటున్నావో నువ్వు రాయలేదు. హీమోగ్లోబిన్ ఎప్పుడు చూపించుకున్నావు? శనివారం ఒక్కపొద్దు ఉంటావా?