టీడీఎస్ 480, గీజర్ నిండా సున్నం: ఇంటికి ఆర్వోనా, సాఫ్ట్‌నరా?

మీ ప్రశ్న: శివారు కాలనీ, కుళాయి నీళ్లలో సబ్బు నురగ రావట్లేదు, గీజర్‌లో తెల్లగా పేరుకుంటోంది, టీడీఎస్ మీటరు 480 చూపిస్తోంది; ఇల్లంతటికీ ఆర్వో (సన్నని పొర గుండా నీళ్లు నెట్టి లవణాలు తీసే ఫిల్టరు) పెట్టించాలా, సాఫ్ట్‌నర్ (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తీసే యంత్రం) సరిపోతుందా, ఈ నీళ్లు తాగొచ్చా?

ముందు ఆ మీటరు పక్కన పెట్టండి. టీడీఎస్ అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం, మిల్లీగ్రాముల్లో. మీటరు నిజంగా కొలిచేది మాత్రం నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్నదే. ఆ 480లో కాల్షియం ఎంత, మామూలు ఉప్పు ఎంత అన్నది దానికి తెలియదు. టీడీఎస్ 480 ఉన్న నీళ్లలో కాఠిన్యం (నీళ్ల గట్టిదనం) లీటరుకు 100 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 350 కూడా ఉండొచ్చు. సున్నం పేరుకోవడానికీ సబ్బు విరిగిపోవడానికీ కారణం కాల్షియం, మెగ్నీషియం. కాబట్టి కొలవాల్సింది కాఠిన్యమే.

డ్రాప్ టెస్ట్ కిట్ కొనండి. నీళ్లలో కిట్‌తో వచ్చే బఫర్ ద్రావణం, రంగు వేస్తే ఎర్రగా మారతాయి. తర్వాత కిట్‌లోని కొలత ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ కలుపుతూ ఉంటే నీలం అవుతాయి; ఎన్ని చుక్కలు పట్టాయన్నదాన్ని బట్టే కాఠిన్యం తెలుస్తుంది. ఎక్కువమంది ఊదారంగు రాగానే ఆపేస్తారు, అక్కడే లెక్క తక్కువొస్తుంది. ఎరుపు ఛాయ పూర్తిగా పోయేదాకా వేయాలి. చివర్లో రంగు నెమ్మదిగా మారుతుంది కాబట్టి చుక్కకీ చుక్కకీ మధ్య కొన్ని సెకన్లు ఆగండి. నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కాకుండా, వీధి లైను నుంచి నేరుగా వచ్చే కుళాయిని రెండు మూడు నిమిషాలు వదిలాక పట్టండి. శివారు ప్రాంతాల్లో ఒక పూట నది నీళ్లు, ఇంకో పూట బోరు నీళ్లు, లేదా రెండూ కలిపి వదలడం మామూలే. అందుకే వేర్వేరు రోజుల్లో కనీసం మూడు నాలుగుసార్లు కొలిచి, ఎక్కువ వచ్చిన అంకెనే లెక్కకు తీసుకోండి.

లీటరుకు 60 మిల్లీగ్రాముల లోపు మెత్తటి నీళ్లు, 120 దాటితే గట్టివి, 180 దాటితే బాగా గట్టివి. 150 లోపు వస్తే నా సలహా ఏమీ కొనొద్దనే. గీజర్ వేడి తగ్గించి, ఏడాదికోసారి శుభ్రం చేయించుకుంటే సరిపోతుంది. 200 పైన అయితే సాఫ్ట్‌నర్ గురించి ఆలోచించొచ్చు.

సాఫ్ట్‌నర్ సైజు అమ్మేవాళ్ల మాట మీద కాదు, లెక్క మీద తేల్చుకోవాలి. కాఠిన్యం 300, రోజు వాడకం 600 లీటర్లు అనుకుందాం. రోజుకు 180 గ్రాముల కాఠిన్యం తీయాలి. సాఫ్ట్‌నర్‌లో కాల్షియాన్ని పట్టుకునే చిన్న పూసలను రెజిన్ అంటారు. లీటరు రెజిన్ ఒక్కసారికి సుమారు 50 గ్రాములు పట్టుకుంటుంది, కాబట్టి 25 లీటర్ల రెజిన్ 1,250 గ్రాములు తీస్తుంది. అంటే దాదాపు ఏడు రోజులు. ఏడో రోజు దాకా లాగకుండా ఆరు రోజులకోసారి రెజిన్‌ను ఉప్పునీటితో కడిగేలా పెట్టుకోండి. లీటరు రెజిన్‌కు 120 గ్రాముల చొప్పున ఒక్కో కడుగుకు మూడు కిలోల ఉప్పు పడుతుంది. ఉప్పు తగ్గించి వేస్తే రెజిన్ శక్తి పూర్తిగా తిరిగిరాదు, వారం తిరక్కుండానే మళ్లీ సున్నం మొదలవుతుంది.

పెట్టించాక పనిచేయట్లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఒత్తిడి. ఆటోమేటిక్ వాల్వు ఉప్పునీటిని లోపలికి పీల్చుకోవాలంటే సుమారు 1.5 నుంచి 2 బార్ల ఒత్తిడి కావాలి. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే వచ్చేది ఒక్క బారు. మూడు మీటర్ల ఎత్తయితే 0.3 బారే. యంత్రం టైముకు తిరుగుతుంది, చప్పుడూ చేస్తుంది, ఉప్పునీరు మాత్రం కదలదు. ప్రెషర్ పంపు అయినా పెట్టాలి, ఉప్పునీరు చేత్తో పోసే రకమైనా కొనాలి. రెండో కారణం, ఉప్పు తొట్టిలో పైన గట్టి పెచ్చు కట్టి కింద డొల్ల అవడం. కర్రతో పొడిస్తే విరుగుతుంది. సాఫ్ట్‌నర్‌లోకి పోకుండా నీళ్లను పక్కనుంచి పంపే బైపాస్ వాల్వు సగం తెరిచి ఉందేమో కూడా చూడండి. పట్టినప్పుడు తేటగా ఉన్న నీళ్లు బకెట్లో నిలిచాక ఎర్రబడుతున్నాయంటే ఇనుము ఉంది. ముందు ఇనుము ఫిల్టరు పెట్టకపోతే రెజిన్ పాడవుతుంది.

సాఫ్ట్‌నర్ తర్వాత టీడీఎస్ తగ్గలేదని గొడవపడేవాళ్లూ ఉన్నారు. తగ్గదు. కాల్షియం పోయి సోడియం వస్తుంది, అంకె కాస్త పెరిగినా పెరగొచ్చు. 300 కాఠిన్యం తీస్తే లీటరుకు 138 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. అందుకే వంటింటి చన్నీళ్ల లైను, మొక్కల లైను సాఫ్ట్‌నర్‌కు ముందే విడదీయించండి. ఇంట్లో ఎవరికైనా ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే ఇది తప్పనిసరి. పైపుకు తగిలించే అయస్కాంతాలు కాఠిన్యాన్ని తీయవు. కావాలంటే ముందూ తర్వాతా అదే కిట్‌తో కొలిచి చూడండి.

ఇక తాగడం. కాఠిన్యానికి ఆరోగ్యం దృష్ట్యా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి ఏదీ పెట్టలేదు. చూడాల్సినవి వేరే: ఆ సంస్థ ప్రకారం లీటరుకు నైట్రేట్ 50, ఫ్లోరైడ్ 1.5, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాములు మించకూడదు. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) ఒక్కటీ ఉండకూడదు. కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ఇవి ల్యాబులో తేలాలి. బ్యాక్టీరియా పరీక్షకు వాళ్లిచ్చిన స్టెరైల్ సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి, 24 గంటల లోపు అందించండి. కాచితే క్రిములు చస్తాయి, నైట్రేట్, ఫ్లోరైడ్ మాత్రం నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కబడతాయి. అవి ఎక్కువున్నాయని రిపోర్టు వస్తేనే తాగునీటి కుళాయి ఒక్కదానికి ఆర్వో పెట్టండి. లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు వదిలేసే యంత్రాన్ని స్నానాలకీ బట్టలకీ పెట్టడం దండగ.

గీజర్ 60 డిగ్రీలు దాటనివ్వకండి, వేడి పెరిగేకొద్దీ సున్నం దిగడమూ పెరుగుతుంది. మరీ తగ్గించినా ట్యాంకులో బ్యాక్టీరియా పెరుగుతుంది. విప్పినప్పుడు ట్యాంకు తుప్పు పట్టకుండా తానే అరిగే మెగ్నీషియం రాడ్ కూడా చూసి, అరిగిపోతే మార్పించండి. కుళాయి జల్లెళ్లకు, షవర్లకు లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి గంట నానబెడితే చాలు. పాలరాయి మీద ఒలకనివ్వొద్దు. సిట్రిక్ యాసిడ్‌ను బ్లీచింగ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, కాబట్టి ఆ రెండింటినీ ఒకే రోజు ఒకే చోట వాడకండి.