మోకీలు మార్పిడి తర్వాత నడకను ఎలా అంచనా వేయాలి

అమ్మా, ఫిజియోథెరపీ డ్యూటీలో కొత్తగా చేరావు కాబట్టి ముందే చెబుతున్నా. మోకీలు మార్పిడి అయిన పెద్దవాళ్లను "నడక ఎలా ఉందండీ" అని అడగడం, వాళ్లు "పర్లేదమ్మా, బాగానే ఉంది" అంటే అదే రాసుకుని వచ్చేయడం, ఈ అలవాటు అస్సలు చేసుకోకు. వాళ్లు అబద్ధం చెప్పరు. ఏళ్ల తరబడి పీడించిన నొప్పి తగ్గేసరికి నడక కూడా బాగుపడినట్టే అనిపిస్తుంది. కానీ ఆపరేషన్ అయిన నెలకి తొడ ముందు కండరం మునుపటికన్నా నీరసించి ఉంటుంది, చాలామంది ఆపరేషన్‌కి ముందుకన్నా నెమ్మదిగానే నడుస్తారు. అందుకే మాట వినాలి, నడిపించి కూడా చూడాలి. వీలైతే ఆపరేషన్‌కి ముందే ఒకసారి కొలిచి పెట్టుకో, లేకపోతే తర్వాత దేనితో పోలుస్తావు?

నేనైతే టగ్ టెస్ట్‌తో (టైమ్డ్ అప్ అండ్ గో, అంటే కుర్చీలోంచి లేచి నడిచి తిరిగొచ్చి కూర్చోడానికి ఎంత టైమ్ పడుతుందో చూడటం) మొదలుపెడతాను. చేతులున్న కుర్చీ, దానికి 3 మీటర్ల దూరంలో నేల మీద టేపు గీత, ఒక స్టాప్‌వాచ్ చాలు. లేచి, రోజూ నడిచే వేగంతోనే గీత దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చోవాలి. ఒకసారి ఊరికే చేయించి, రెండోసారి టైమ్ చూడు. 12 సెకన్లు గానీ ఆపైన గానీ పడితే పడిపోయే ప్రమాదం గురించి ఆలోచించాలి. అయితే మొదటి వారాల్లో చాలామందికి అంతకన్నా ఎక్కువే పడుతుంది, ఆ అంకె చెప్పి వాళ్లకు టెన్షన్ పెట్టకు.

వాచ్ చూస్తూ మనిషిని చూడటం మర్చిపోవద్దు. లేచేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందుకు చాపి, బరువంతా రెండో కాలి మీద వేసి లేస్తున్నారా? నడిచేటప్పుడు మోకాలు వంగుతోందా, కర్రలా బిగుసుకుని ఉందా? అన్నిటికన్నా నేను మలుపు దగ్గర జాగ్రత్తగా చూస్తాను, ఎందుకంటే తిన్నగా చక్కగా నడిచినవాళ్లు కూడా తిరిగేచోట చిన్నచిన్న అడుగులు వేస్తూ గోడ కోసం చెయ్యి చాపుతారు. అది సెకన్లలో కనిపించదు, నువ్వే రాయాలి. చెప్పులు, కుర్చీ, వాకరా చేతికర్రా, అవి కూడా ప్రతిసారీ రాయి. వాకర్‌తో 20 సెకన్లు, చేతికర్రతో 20 సెకన్లు ఒకటి కావు.

కాస్త కోలుకున్నాక 30 సెకన్లలో చేతులు కట్టుకుని ఎన్నిసార్లు కుర్చీలోంచి లేస్తారో చూడు, తొడ బలం తెలిసిపోతుంది. మెట్లు కూడా ఎక్కించి దించు. ఇక 6 నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో చూసేటప్పుడు పక్కన నడవకు, నీ వేగం వాళ్లకు అంటుకుంటుంది, ఒక అడుగు వెనకే ఉండు. దూరం తగ్గితే తప్పంతా కొత్త మోకాలి మీద వేయకు. గుండె, ఆయాసం, నడుము, ఇంకా అరిగిపోయి ఉన్న రెండో మోకాలు, ఏదైనా కావచ్చు. ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు అని అడుగు.

టెస్ట్ ఏదైనా మొదలుపెట్టే ముందు పిక్క మీద చెయ్యి వేసి చూడు. కొత్తగా వాపు, నొప్పి, వేడి ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి అన్నా నడిపించకు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పు.