టాలీ ఎంట్రీల దగ్గరే ఆగిపోయానన్న తమ్ముడికి

తమ్ముడూ, ఆరేళ్లుగా టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అవే ఎంట్రీలు, కొత్తగా ఏమీ నేర్చుకోవట్లేదని రాశావు. ఉద్యోగం మానే ముందు ఒక పని చేసి చూడు. ప్రతి నెలా 14న వచ్చే జీఎస్టీఆర్-2బిని (సప్లయర్లు జీఎస్టీలో చూపిన బిల్లుల జాబితాని) కొనుగోళ్ల రిజిస్టర్‌తో కంటితో సరిచూస్తుంటే అది ఆపెయ్యి. ఎక్సెల్ 2016 నుంచి పవర్ క్వెరీ (ఫైళ్లను శుభ్రం చేసి కలిపే సాధనం) అందులోనే ఉంది, విడిగా కొనక్కర్లేదు. రెండు ఫైళ్లనూ సప్లయర్ జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు మీద మెర్జ్ చెయ్యి. బిల్లు నంబర్లలో గీతలు, ఖాళీలు తేడాగా ఉండి మొదట్లో చాలావరకు కలవవు. విసుగొస్తుంది, నాకూ వచ్చింది. కానీ వాటిని శుభ్రం చేయడంలోనే అసలు పని వంటబడుతుంది. ఒకసారి కుదిరాక, వచ్చే నెల కొత్త ఫైళ్లు పెట్టి రిఫ్రెష్ నొక్కితే చాలు. కలవని బిల్లుల జాబితా మీ సార్‌కి చూపించు, ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టి, మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే జీఎస్టీ) ఎక్కడ ఆగిందో ఆయనకే కనిపిస్తుంది. అప్పుడు రిటర్నుల పని కూడా నీకిమ్మని అడుగు.